పవళింపు మొదలు మేలుకొలుపు వఱకు

రాజ్యాంగ సూత్రములను గూర్చియు, వాణిజ్యపు ఒడంబడికలను గూర్చియు ఇంగ్లీషులో పుటలకొలది వ్రాయజాలిన తెలుగు పట్టభద్రుడు, విదేశమున నొక స్నేహితుని యింట రాత్రి గడపి, మఱునాటి యుదయమున ఆ యింటి యిల్లాలు కాఫీ కప్పు చేతికందించుచు నిద్ర బాగుగా పట్టినదా యని తన భాషలో కుశలమడిగినప్పుడు, 'యస్' అను నొక్క మాటతో సరిపెట్టుకొని తల వంచుకొనుట మనము తఱచుగా చూచుచున్న విషయమే. ఇది వాని మందబుద్ధి వలన కలిగిన లోపము కాదు. వానికి ఇంగ్లీషు నేర్పిన పాఠ్యపుస్తకములలో రాజులు పట్టాభిషిక్తులగుదురు, యుద్ధములు జరుగును, నదులు సముద్రమున కలియును. కాని దుప్పటి మడతపెట్టువారు గాని, అలారము మ్రోగినను లేవక ప్రక్కకు తిరిగి పడుకొనువారు గాని అందు కనబడరు. పరీక్షాధికారులు నిద్రను గూర్చి ప్రశ్న వేయరు గనుక విద్యార్థులు దానికి సమాధానము నేర్వరు.

నిద్రకు సంబంధించిన వాక్కు మనకు కొఱవడినదా యనిన, లేదు. తిరుమలలో స్వామికి దినము సుప్రభాతముతో నారంభమై ఏకాంతసేవతో ముగియును. పవళింపు పాటలు, మేలుకొలుపు పాటలు, లాలి పాటలు, జోల పాటలు అని శయనమునకును ప్రబోధమునకును వేర్వేఱు గేయభేదములను కల్పించుకొన్న జాతి మనది. ఇన్ని మాటలుండియు పరభాషలో రాత్రి యెట్లు గడచినదో చెప్పుకొనలేకపోవుటకు కారణమొక్కటే: మన వాక్యములను అచ్చముగా మార్చిపెట్టిన ఇంగ్లీషు వాక్యములగునని భ్రమపడుచున్నాము. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది, శయ్యను చేరినది మొదలు శయ్యను విడుచువఱకు ప్రతిదినము మీరు చేయు పనులనే వరుసగా, పదములుగా గాక పూర్తి వాక్యములుగా నేర్చుకొనుడని. ఇందులకు వేఱుగ కాలము కేటాయింప బనిలేదు. ఎట్లును పడుకొనకయు లేవకయు తప్పదు గదా.

ఈ పద్ధతికి మూలపురుషుడొకడు కలడు. 19వ శతాబ్దమున ఫ్రాన్సులో లాటిను బోధించుచుండిన ఫ్రాన్స్వా గ్వాన్ అను నుపాధ్యాయుడు జర్మను భాష నేర్వవలెనని హాంబర్గు నగరము చేరి, ముందుగా వ్యాకరణమును, అందలి 248 క్రమరహిత క్రియలను కంఠస్థము చేసెను. ఉపన్యాసమునకు పోయి వినగా ఒక్క మాటయు బోధపడలేదు. ధాతువులను వల్లించెను, మహాకవుల గ్రంథములను భాషాంతరీకరింప జూచెను, తుదకు ముప్పది దినములలో ముప్పదివేల పదములు గల నిఘంటువునే మ్రింగెనట, అయినను వీథిలో పోవువాని మాట వానికర్థము కాలేదు. విసిగి స్వగ్రామమునకు మరలి వచ్చునప్పటికి, తాను వెళ్లునాటికి మాటలు రాని మేనల్లుడు చిలుకవలె తన మాతృభాష పలుకుచుండెను. ఆ బాలుడు పిండిమరకు పోయివచ్చి, అక్కడ చూచిన పనులన్నిటిని వరుస తప్పక ఆడుచు, ఆడుచున్న ప్రతి పనిని పైకి చెప్పుకొనుట గ్వాను కంటబడెను. భాష నిఘంటువులో నున్న క్రమమున మనస్సున నిలువదనియు, పనులు జరుగు క్రమమున నిలుచుననియు ఆయన గ్రహించి, 1880లో ప్రకటించిన గ్రంథమున ఈ 'శ్రేణీ పద్ధతి'ని వివరించెను. లోకమునందలి సమస్త వ్యాపారములను శ్రేణులుగా విభజింపబూనుట వలన ఆయన పద్ధతి విసుగు పుట్టించిన మాట నిజమే. పాఠశాలలలో అది నిలువలేదు. కాని శయన ప్రబోధముల విషయమున దానిని మించిన దారి నాకు కనబడదు, ఏలయనగా ఈ పనులు ప్రతిదినము, అందఱకును, దాదాపు ఒకే వరుసలో జరుగుచున్నవి.

వరుసలోనికి పోవుటకు ముందు మూలమైన భేదమొకటి తెలిసికొనవలెను. మన భాషలో నిద్రయే కర్త. నిద్ర వచ్చును, పట్టును, ముంచుకొని వచ్చును, ఎగిరిపోవును, కొన్ని రాత్రులు ఎంత బ్రతిమాలినను దగ్గఱకు రాదు; మెలకువయు అట్లే తనంతట తాను వచ్చును. మనిషి 'నాకు' అని ప్రక్కన నిలిచియుండి ఈ రాకపోకలను చూచుచుండును. ఇంగ్లీషువాని వాక్యములో మనిషియే కర్త. నిద్ర వాడు పోవుచోటు, పడుచోటు. అందుచేత నిద్ర వచ్చుచున్నదనుటకు 'ఐ యామ్ స్లీపీ' యనవలెను. నిద్ర పట్టినదనుటకు 'ఐ ఫెల్ అస్లీప్'. ఎంతకును పట్టలేదనుటకు 'ఐ కుడ్ నాట్ గెట్ టు స్లీప్'. నడుమ మెలకువ వచ్చి మఱల పట్టలేదనుటకు 'ఐ వోక్ అప్ ఇన్ ద నైట్ అండ్ కుడ్ నాట్ గెట్ బ్యాక్ టు స్లీప్'. 'స్లీప్ ఈజ్ కమింగ్ టు మి' యనుట ఇంగ్లీషు దుస్తులు తొడిగిన తెలుగే. ఇంగ్లీషు కవులు అప్పుడప్పుడు నిద్రను కర్తగా చేసి రాదని నిందించుట కలదు. కవులకు చెల్లినది కచేరీ ఉద్యోగికి చెల్లదు.

ఇక పడక చేరుట. తెలుగున 'పడుకొన్నాను' అను క్రియ మంచమెక్కుటకును నిద్రించుటకును సమానముగా చెల్లును. ఇంగ్లీషున నివి రెండు ఘట్టములు. మంచమెక్కుట 'గో టు బెడ్'. నిద్రలోనికి జాఱుట 'గో టు స్లీప్'. పదింటికి మొదటిది జరిగి పన్నెండింటికి రెండవది జరుగవచ్చును, ఆ రెండు గంటలు దొరలినవాని బాధ 'టాస్ అండ్ టర్న్' అను జంటలో నున్నది. బెడ్ అను మాటకు ముందు 'ద' చేర్పరాదు. చేర్చితిరేని అది నిద్రించుటకు గాక ఆ మంచమనెడి వస్తువు చెంతకు నడచిపోవుట యగును. 'గో టు స్లీప్' అను మాటయే కాలికి జెప్పినప్పుడు తిమ్మిరి యని యర్థము: 'మై ఫుట్ హాజ్ గాన్ టు స్లీప్' అని యొకడు కుంటుచు వచ్చినచో నవ్వకుడు, వాడు కాలు తిమ్మిరెక్కినదని చెప్పుచున్నాడు. బిడ్డను జోకొట్టి నిద్రపుచ్చుట 'పుట్ ద బేబీ టు స్లీప్'. కాని పెంపుడు కుక్క విషయమున ఇదే మాట పశువైద్యుడు సూదిమందుతో దాని ప్రాణము తీయుటకు సభ్యమైన పర్యాయము. అమెరికాలో ఇరుగింటివారి కుక్కను ఒక రాత్రి కాపాడుటకు ఒప్పుకొన్న తెలుగువారు, మఱునాడు యజమానితో దానిని నిద్రపుచ్చితిమని ఈ మాటలలో చెప్పకుందురుగాక.

మన ఉపాధ్యాయులు సంకోచము చేత చెప్పక విడుచు హెచ్చరిక యొకటి నేను చెప్పకతప్పదు. పండుగకు ఊరికి పోయి అమ్మమ్మ దగ్గఱ పడుకొంటిని, మామయ్యగారి పిల్లలతో పడుకొంటిని అనుట మనకెంతయు సహజము. ఇంగ్లీషులో 'స్లీప్ విత్' అను పదబంధమునకు ప్రౌఢుల సంభాషణలో వేఱొక యర్థము స్థిరపడిపోయినది. గదిని చెప్పుడు, మనుష్యులను చెప్పకుడు: 'ఐ స్లెప్ట్ ఇన్ మై గ్రాండ్‌మదర్స్ రూమ్' అనిన చిక్కు లేదు.

అన్నిటికంటె ఎక్కువ అపార్థము కలిగించునది 'స్లీప్ లేట్' అను నిరపాయకరముగా కనబడు మాట. రాత్రి ప్రొద్దుపోయి పడుకొంటినని చెప్పదలచి మనవారు 'ఐ స్లెప్ట్ లేట్' అందురు. వినిన ఇంగ్లీషువాడు, ఇతడు ఉదయము పొద్దెక్కువఱకు నిద్రించినాడని గ్రహించును. రాత్రి రెండింటివఱకు కార్యాలయపు పని చేసి, ఉదయము తొమ్మిదింటి సమావేశమునకు ఎఱ్ఱని కన్నులతో హాజరైన శ్రమజీవి, ఈ యొక్క మాట వలన సోమరిగా పేరుపొందుట ఎంత యన్యాయము! చెప్పవలసినది 'ఐ వెంట్ టు బెడ్ లేట్' లేదా 'ఐ వజ్ అప్ లేట్'. బుద్ధిపూర్వకముగా ఆదివారమునాడు ఆలస్యముగా లేచుట 'స్లీప్ ఇన్'. బ్రిటనులో 'లై ఇన్' అనియు అందురు. లేవదలచియు లేవలేకపోవుట 'ఓవర్‌స్లీప్'. ఈ భేదము చిన్నది కాదు: మొదటిది సుఖము, రెండవది నేరము. ఆలస్యమునకు క్షమాపణ వేడుచు పై యధికారికి 'ఐ స్లెప్ట్ ఇన్' అని వ్రాసిన, తీరికగా కాళ్లు చాచి పడుకొంటినని చెప్పినట్లు ధ్వనింపవచ్చును. 'ఐ యామ్ సారీ, ఐ ఓవర్‌స్లెప్ట్' అనిన ఉద్దేశము లేని తప్పిదమని తేలును.

రాత్రి మేల్కొని యుండుట 'స్టే అప్'. రావలసినవారి కొఱకు తలుపు వైపు చూచుచు కూర్చుండుట 'వెయిట్ అప్'; మన తల్లులందఱు చేసిన పని యిది. మహాశివరాత్రి జాగరణమునకు 'కీప్ విజిల్' అను గంభీరమైన మాట తగును. ఇచ్చటనే మన కళాశాలల వసతిగృహములలో పుట్టి హైదరాబాదు సాఫ్ట్‌వేరు కార్యాలయముల వఱకు వ్యాపించిన 'నైట్ అవుట్' అను ప్రయోగమును ప్రస్తావింపవలెను. పరీక్షకు ముందు తెల్లవార్లు చదివిన విద్యార్థి 'నైట్ అవుట్ చేసితిమి' యని తెలుగున గర్వముగా చెప్పుకొనును; తెలుగువానితో చెప్పినంతకాలము బాధ లేదు. ఇంగ్లీషు మాతృభాషగా గలవానికి ఈ మాట, మిత్రులతో బయట విందు వినోదములలో సాయంకాలము గడపుటను సూచించును. పరీక్షకు ముందురాత్రి నైట్ అవుట్ చేసితినని విదేశీయుడైన ఆచార్యునికి విన్నవించుకొన్న విద్యార్థి సానుభూతికి మాఱుగా మందలింపునే పొందును. వాడనవలసినది 'ఐ పుల్డ్ ఆన్ ఆల్‌నైటర్'.

మంచము చుట్టునున్న వస్తువుల పేర్లలోను మెలకువ వలయును. మనము పెద్దల మంచమును 'కాట్' అందుము. ఈ మాట హిందీ 'ఖాట్' నుండి ఆంగ్లేయులు కొనిపోయినదే. యూలు, బర్నెలు అను నిరువురు కూర్చి 1886లో ప్రకటించిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువులో దానికి స్థానము కలదు. మన దేశమున అది మంచముగానే నిలిచినది. బ్రిటనులో చుట్టు కమ్ములున్న పసిపిల్లల మంచముగా తగ్గినది. అమెరికాలో మడిచి పెట్టుకొను శిబిరపు మంచముగా మాఱినది. లండనులో నొక దుకాణమున డబుల్ కాట్ అడిగిన తెలుగు గృహస్థునికి కవల పిల్లలు కలిగినారని దుకాణదారు సంతోషింపవచ్చును. 'బెడ్' అని యడుగుడు. 'పైజామా' యును మననుండి పోయినదే, పగలు తొడుగుకొను వదులైన లాగు అక్కడ రాత్రి దుస్తుగా స్థిరపడినది. చలికి మనము కప్పుకొను 'రగ్గు' పూర్వము ప్రయాణపు కంబళిగా బ్రిటనులో నుండెడిదే గాని, నేడు రగ్గనిన నేలపై పఱచు తివాచీ. రాత్రి చలిగా నున్నదని రగ్గు తెమ్మనిన వారు కొంత ఆశ్చర్యముతో చూతురు. 'బ్లాంకెట్' అడిగిన వెంటనే ఇత్తురు.

మెలకువ గూర్చి. 'వేక్ అప్' కనులు విచ్చుట. 'గెట్ అప్' పడక విడచి నిలుచుట. అయిదింటికి మొదటిది జరిగి ఏడింటికి రెండవది జరిగినవారు నిజము చెప్పదలచినచో రెండు క్రియలను వాడవలెను. తెలుగున 'లేచితిని' అనుదాని మాటున అయిదింటి కీర్తియే మనకు దక్కుచుండును, అది వేఱు సంగతి. ఇతరులను లేపునప్పుడు పేరు క్రియకు తరువాతను రావచ్చును, నడుమను రావచ్చును; సర్వనామము మాత్రము నడుమనే రావలెను: 'వేక్ హిమ్ అప్' అనవలెను గాని 'వేక్ అప్ హిమ్' అనరాదు.

గడియారము మ్రోగుట 'గో ఆఫ్'. మన చెవికి 'ఆఫ్' అనగా ఆగిపోవుట, దీపమార్పుట. కావున 'ద అలారమ్ వెంట్ ఆఫ్ ఎట్ ఫైవ్' అని వినిన తెలుగువాడు, పాపము గడియారము మధ్యలో ఆగిపోయినదని అనుకొనును. తుపాకి పేలుటకు, గంట మ్రోగుటకు ఇదే క్రియ. దానిని ఆపుట 'టర్న్ ఆఫ్'. కునుకులోనికి జాఱుటకు 'డోజ్ ఆఫ్', 'నాడ్ ఆఫ్', 'డ్రాప్ ఆఫ్' అనుచోట్ల మఱల ఆఫ్ వచ్చును. అందులో 'నాడ్ ఆఫ్' కూర్చుండియే తల వ్రాల్చుట, సభలలో ముందు వరుసవారు చేయునది. చూడగా ఇంగ్లీషున మెలకువయంతయు 'అప్', కునుకంతయు 'ఆఫ్'. ఈ యొక్క గుర్తు సగము శ్రమ తగ్గించును. అలారము నొక్కి మఱికొన్ని నిమిషములు పడుకొనుట 'స్నూజ్'. ఈ మీటను జనరల్ ఎలక్ట్రిక్ వారి టెలిక్రాన్ శాఖ 1956లో బజారునకు తెచ్చినది. మానవజాతి క్రమశిక్షణకు దాని కంటె ఎక్కువ హాని చేసిన మీట మఱియొకటి కలదని నేననుకొనను.

గడియారములు ప్రతి యింట లేని దినములలో, బ్రిటనులోని మిల్లు పట్టణములందు కార్మికులను లేపుటకు కూలికి మనుష్యులుండెడివారు. పొడవైన కఱ్ఱతో మేడమీది కిటికీ అద్దమును తట్టి, లోపలివాడు లేచినట్లు సైగ చేయువఱకు నిలుచుటయే వారి వృత్తి. కొందఱు గొట్టముతో బఠాణీ గింజలను కిటికీపైకి ఊదెడివారు. వారిని 'నాకర్ అప్' అనెడివారు. తలుపు తట్టి లేపుటకు 'నాక్ అప్' అను క్రియ బ్రిటనులో వృద్ధుల నోట నేటికిని వినవచ్చును. అమెరికాలో ఆ క్రియకు స్త్రీని గర్భవతిని చేయుట యని మోటు వాడుక యున్నది. కావున అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవలి యొడ్డున ఉదయము ఆఱింటికి ఎవ్వరినిగాని 'నాక్ అప్' చేయుదునని మాట ఇయ్యకుడు.

కాలవిభాగమున మనకును వారికిని గల భేదము ప్రయాణములందు ధననష్టము కూడ కలిగింపజాలును. మనకు సూర్యుడు లేచునంతవఱకు రాత్రియే. జాముల లెక్కలో అర్ధరాత్రి దాటిన తరువాతియవి కూడ రాత్రి జాములే. వారు పన్నెండు కొట్టగానే ఉదయమందురు. రాత్రి రెండు గంటలనుట వారికి 'టూ ఇన్ ద మార్నింగ్'. ఒకటి, రెండు, మూడు అను చిన్న సంఖ్యలు గల ఘడియలు గనుక ఆ వేళకు 'స్మాల్ అవర్స్' అని పేరు. 'మిడ్‌నైట్ టూ ఓ క్లాక్' అనుట తప్పు. మిడ్‌నైట్ అనునది పన్నెండు గంటల క్షణము మాత్రమే. 'టుడే మార్నింగ్', 'యెస్టర్డే నైట్' అనునవి మన దేశపు కల్పనలు; 'దిస్ మార్నింగ్', 'లాస్ట్ నైట్' అనవలెను. ఈ అర్ధరాత్రి చిక్కు మన రైల్వే టిక్కెట్టుపైనను కలదు: 15వ తేదీ 00.10కి బయలుదేఱు బండికి 14వ తేదీ రాత్రి భోజనము కాగానే స్టేషను చేరవలెను. 15వ తేదీ రాత్రి పెట్టెలతో వచ్చి, తమ బండి ఇరువది నాలుగు గంటల క్రిందటనే పోయినదని తెలిసికొనువారు లేకపోలేదు. అమెరికాలోని పిల్లలతో మాటలాడు తల్లిదండ్రులకు మఱియొక లెక్క: న్యూజెర్సీకిని మనకును చలికాలమున పదిన్నర గంటల యంతరము, వేసవిలో తొమ్మిదిన్నర. మార్చిలో నొక ఆదివారము తెల్లవారుజామున అక్కడ గడియారములను గంట ముందునకు త్రిప్పి, నవంబరులో వెనుకకు త్రిప్పుదురు; 'స్ప్రింగ్ ఫార్వర్డ్, ఫాల్ బ్యాక్' అను చమత్కారపు గుర్తు దానికే. మార్చిలో ఆ ఆదివారము కొడుకు చిరాకుగా మాటలాడినచో నేరము కోడలిది కాదు, ఒక గంట నిద్ర తఱిగినది.

'గుడ్ నైట్' సెలవు తీసికొనుటకే గాని పలుకరించుటకు పనికిరాదు. రాత్రి తొమ్మిదింటికి విందునకు పోయినను గుమ్మములో 'గుడ్ ఈవినింగ్' అనవలెను. ఉదయము 'డిడ్ యు స్లీప్ వెల్?' అనిన, 'వెరీ వెల్, థాంక్ యు' అని యొక మాటయు, వెనువెంటనే 'అండ్ యు?' అని మఱియొక మాటయు చాలును; ఆ రెండవది మఱవరాదు. ఏదైన నొక కొనుగోలునకు అప్పటికప్పుడే ఒప్పుకొమ్మని ఎవరైన తొందర చేసినచో 'లెట్ మి స్లీప్ ఆన్ ఇట్' అనిన, రాత్రి ఆలోచించి రేపు చెప్పుదునని మర్యాదగా తప్పించుకొనుటయగును. ఈ శయన వాక్యములన్నిటిలో ధనము మిగిల్చునది ఇదొక్కటే.

నుడికారముల విషయమున నా సలహా, అన్నిటిని గుర్తింపుడు, కొన్నిటిని మాత్రమే పలుకుడు. 'హిట్ ద హే', 'హిట్ ద సాక్' అనునవి అమెరికాలో 20వ శతాబ్దమున వ్యాపించినవి. గడ్డి కుక్కిన పఱుపులు, గోనె పఱుపులు వాని వెనుక నున్నవి. మిత్రులతో నైన సరియే, ఉద్యోగపు సమావేశమున వినుటకు బాగుండవు. 'స్లీప్ టైట్' పిల్లలకు చెప్పునది. పూర్వము మంచపు త్రాళ్లను బిగించెడివారు గనుక ఈ మాట పుట్టినదని యొక కథ ప్రచారమున నున్నది. వినుటకు ముచ్చటగా నున్నను దానికి ఆధారము లేదు, టైట్ అనగా ఇక్కడ గాఢముగా అనియే. పిల్లలను మేడమీదికి నిద్రకు పంపుచు బ్రిటనులో 'కొయ్య కొండ యెక్కి బెడ్‌ఫర్డ్‌షైరునకు పొండు' అను నర్థమిచ్చు మాట యొకటి చెప్పెడివారు. కొయ్య కొండ యనగా మెట్లు, బెడ్‌ఫర్డ్‌షైరు నిజముగా నున్న జిల్లా. 'లాండ్ ఆఫ్ నాడ్' కూడ ఇట్టి శ్లేషయే. బైబిలులో కయీను పోయి కాపురమున్న నోదు దేశమును, తల యూగించుటకు గల మాటతో ముడివెట్టి, జానథన్ స్విఫ్టు 1738లో ప్రకటించిన సంభాషణల గ్రంథమున హాస్యమునకు వాడెను. త్వరగా పడుకొని త్వరగా లేచువానికి ఆరోగ్యైశ్వర్య వివేకములు కలుగునను సామెతను బెంజమిన్ ఫ్రాంక్లినుకు అంటగట్టుట పరిపాటియైనది గాని, ఆయన పుట్టుటకు అఱువదియేడేండ్ల ముందే, 1639 నాటి సామెతల సంపుటమున అది యున్నది.

కునుకునకు 'ఫార్టీ వింక్స్'. కంటిమీద కునుకు లేదనుటకు 'ఐ డిడ్ నాట్ స్లీప్ ఎ వింక్'. ఈ రెండవది మన మాటకు ఎంత దగ్గఱయో చూడుడు. కాని పోలిక కనబడినచోటనెల్ల సరియని నమ్మరాదు. పనులన్నియు చెడిన దినమున మనము ఎవరి ముఖము చూచి లేచితిమో యందుము. ఇంగ్లీషున 'గాట్ అవుట్ ఆఫ్ బెడ్ ఆన్ ద రాంగ్ సైడ్' అను మాట కలదు, మంచమునకు తగని ప్రక్కనుండి దిగినాడని. మనది దురదృష్టమును చెప్పును, నేరము ఎదుటివాని ముఖముపై వేయును. వారిది చిరచిరలాడు స్వభావమును చెప్పును, నేరము లేచినవానిదే. బస్సు తప్పిపోయినదని చెప్పుచు ఈ నుడికారమును వాడిన, మీకు ఉదయమునుండి కోపముగా నున్నదని వారనుకొందురు.

ఇక అభ్యాసము. ఈ రాత్రి తలుపు గడియ పెట్టుచు 'ఐ యామ్ లాకింగ్ ద డోర్' అని మెల్లగా పలుకుడు. దీపమార్పుచు 'ఐ యామ్ టర్నింగ్ ఆఫ్ ద లైట్', గడియారము సరిచేయుచు 'ఐ యామ్ సెటింగ్ ద అలారమ్ ఫర్ ఫైవ్', పడక చేరుచు 'ఐ యామ్ గోయింగ్ టు బెడ్' అని పని జరుగుచుండగనే వాక్యము పలుకవలెను, ముందును గాదు, తరువాతను గాదు. ఉదయము 'ద అలారమ్ ఈజ్ గోయింగ్ ఆఫ్', 'ఐ యామ్ గెటింగ్ అప్', దుప్పటి మడచుచు 'ఐ యామ్ మేకింగ్ ద బెడ్'. ఈ చివరి మాట వడ్రంగి పని గాదని గుర్తుంచుకొనుడు. మనము రాత్రి పక్క వేయుదుము, వారు ఉదయము 'మేక్' చేయుదురు. ఇంటివారు వింతగా చూచినచో చూడనిండు. నిద్ర పట్టని రాత్రి మాత్రము ఈ వల్లె వేయకుడు. వాక్యములు తలలో తిరుగనారంభించిన నిద్ర మఱింత దూరమగును.

పండ్లు తోముకొనిన పిదప, గడచిన రాత్రిని భూతకాలమున చెప్పుకొనుడు. ఇక్కడనే ఈ పద్ధతి యొక్క గొప్ప లాభము తెలియును. ఇంగ్లీషు క్రమరహిత క్రియల పట్టికను చూచి భయపడని తెలుగు విద్యార్థి యుండడు. కాని శయ్య చుట్టునున్న క్రియలు దాదాపు అన్నియు ఆ పట్టికలోనివే. గో–వెంట్, ఫాల్–ఫెల్, స్లీప్–స్లెప్ట్, వేక్–వోక్, గెట్–గాట్, మేక్–మేడ్, రైజ్–రోజ్: ఒక్క రాత్రి గడచుసరికి ఇన్ని మీ నోటికి లొంగును. గ్వాను 248 క్రియలను వల్లించి పొందనిది ఏడెనిమిది క్రియలను బ్రదికి చూపినవారు పొందుదురు. ఒక్కటే మొండి జంట: పడుకొనుట 'లై', దాని భూతకాలము 'లే'; వస్తువును పెట్టుట కూడ 'లే', దాని భూతకాలము 'లెయిడ్'. ఇందు పుట్టుకతో ఇంగ్లీషువారైనవారును తప్పుదురు గనుక, సందేహము కలిగినచోట 'వెంట్ టు బెడ్' అని దాటిపొండు.

వారము దినములు ఇట్లు పలికిన పిమ్మట, నిన్నటి రాత్రిని పది వాక్యములలో కాగితముపై పెట్టి, బిగ్గరగా చదువుడు. 'స్లీప్' అను మాట కర్తగా మొదలైన వాక్యమున్నచో కొట్టివేసి 'ఐ' తో తిరిగి వ్రాయుడు. 'స్లెప్ట్ లేట్' అని యున్నచో ఏ యర్థమున వ్రాసితిరో ఆలోచించి దిద్దుడు. గంటలు రెండో మూడో అయియున్నచో ప్రక్కన 'ఇన్ ద మార్నింగ్' ఉన్నదో లేదో చూచుకొనుడు. ఆ పది వాక్యములు తప్పులేకుండ సిద్ధమైన పిమ్మటనే తరువాతి అధ్యాయము తెఱవవలసినదిగా పాఠకులను కోరుచున్నాను.